పెదవులు కలిసే చోటు

"...అని నేను చెప్తే బాగుండదన్నయ్యా. మెల్లగా నువ్వే చెప్పు. టీవీ నిక్షేపంలా ఉంది. తేడా వదిన చెవుల్లోనే ఉంది."

"నువ్వు చెప్పలేంది నేను చెప్పాలా? నువ్వు చెప్పేసి మీ ఇంటికి పోతావు. నేను ఇక్కడే ఉండాలి."

"మరి నన్నెందుకు పిలిచావు? సెలవు రోజు పనులన్నీ మానుకుని వచ్చాను."

"టీవీ చూడమని పిలిచాను. దాని చెవులు చూడమని కాదు."

అన్నదమ్ములిద్దరూ గొంతు తగ్గించే మాట్లాడుకుంటున్నారు. మామూలు మనుషులకైతే ఆ తగ్గింపు సరిపోయేది. వంటగదిలో గిన్నెలు తుడుస్తున్న మనిషి ఇన్నేళ్ళుగా చెవులతోనే అన్నం తింటోంది. 'తేడా' అన్న మాట ముందు మరిది గొంతు కొంచెం తటపటాయించిందని కూడా ఆమెకు తెలిసింది. చేతిలో గిన్నె గట్టుమీద పెట్టింది. పెట్టిన చప్పుడుకి హాల్లో మాటలు టక్కున ఆగిపోయాయి.

స్టూడియోలో ఆమెను అందరూ అతుకులక్క అంటారు. వేరే భాషలో తీసిన సీరియళ్ళకి మన గొంతులు పోసే స్టూడియో అది. పోసిన గొంతుల్ని తెరమీది నోళ్ళకు అతికించడం ఆమె పని. చూసేవాడికి అతుకు కనబడకూడదు. కనబడనంతకాలం అలాంటి పని ఒకటుందనే ఎవరికీ తెలియదు. కనబడ్డ రోజున మాత్రం ఊరంతా మాట్లాడుతుంది.

పనిలో గుట్టంతా పెదవుల్లో ఉంది. ప, బ, మ. పెదవులు కలిస్తే తప్ప పలకని అక్షరాలు. తెరమీద పెదవులు ఎక్కడ కలిశాయో అక్కడ ఈ అక్షరాల్లో ఒకటి పడాలి. అది పడితే మిగతా వాక్యం కాస్త అటూ ఇటూ ఉన్నా చూసేవాడు నమ్మేస్తాడు. పడకపోతే ఎంత మంచి గొంతైనా దొంగగొంతే. అందుకని రాసినవాళ్ళతో ఆమెకు రోజూ తగువే. ఇక్కడ 'వెళ్ళు' వద్దు, ఆవిడ పెదవులు కలిశాయి, 'పో' అని మార్చండి అనేది. అతుకులక్క వచ్చాక తన సీరియల్లో అందరూ వెళ్ళడం మానేసి పోవడం మొదలుపెట్టారని ఒక రచయిత లబోదిబోమనేవాడు.

ఆమెకు పని నేర్పిన పెద్దాయన రెండే అలవాట్లు చేసి పోయాడు. నిలబెట్టిన బొమ్మను చూసి అతికించొద్దు, పరిగెత్తే నోటిని చూసి అతికించు అన్నాడు. ఆగిపోయిన బొమ్మలో నోరు ఏ మాటకైనా సరిపోయేలా కనబడుతుందట. రెండోది, గదిలో మోగే శబ్దాన్ని నమ్మొద్దు అన్నాడు. యంత్రంలోంచి నేరుగా చెవికి తీగ పెట్టుకుని వినాలి, మధ్యలో ఇంకేదీ ఉండకూడదు. ఈ రెంటినీ ఆమె ఏనాడూ తప్పలేదు. కొత్తగా వచ్చినవాళ్ళు బొమ్మను ఆపి, గీతలు చూసి, కొలిచి అతికిస్తుంటే పక్కకు తిరిగి నవ్వుకునేది.

స్టూడియో ఇంటికొచ్చింది మాత్రం అత్తగారి వల్ల. స్నానాల గదిలో జారిపడి ఆవిడ తుంటి విరగ్గొట్టుకుంది. ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి అన్నారు. ఎవరో ఒకరు అంటే ఎవరో ఎవరూ విడమరిచి చెప్పలేదు. భర్త లిఫ్టులు బాగుచేస్తాడు. "లిఫ్టుని ఇంటికి తెచ్చుకుని బాగుచేయలేను కదా" అన్నాడు. మరిది టీవీల షోరూములో అమ్మకాలు చూస్తాడు, షోరూముని ఇంటికి తెచ్చుకోవడం అసలు కుదరదు. కుదిరేది ఆమె పని ఒక్కటే. స్టూడియో మేనేజరు మంచివాడే, ఒక లాప్‌టాప్ ఇచ్చి పంపాడు. దాని తెర చిన్నది. అందులో పెదవులు బియ్యపుగింజంత ఉంటాయి.

అప్పుడు భర్తకు ఒక ఆలోచన తట్టింది. పెద్ద టీవీ కొంటే పగలు ఆమె పనికి, సాయంత్రం మ్యాచ్‌లకి రెండిటికీ పనికొస్తుంది అన్నాడు. పగలు ముందు చెప్పి సాయంత్రం తర్వాత చెప్పాడు కానీ, టీవీని గోడకి బిగించేటప్పుడు సోఫాలో కూర్చుని ఎత్తు చెప్పాడు. ఆమె కూర్చునే బల్ల ఆ ఎత్తుకి సరిపోలేదు. కుర్చీలో రెండు దిండ్లు వేసుకుంది.

టీవీ తెచ్చిందీ తగిలించిందీ మరిదే. అట్టపెట్టె మీద నక్షత్రం బొమ్మలో నూట ఇరవై అని పెద్ద అంకె వేసి ఉంది. దానిమీద వేలితో కొట్టి చూపించాడు. "ఇది సెకనుకి నూట ఇరవై బొమ్మలు తిప్పుతుంది వదినా. మీ స్టూడియోలో ఉన్న డొక్కులు అందులో సగం కూడా తిప్పవు. ఇక మీ అతుకుని బ్రహ్మదేవుడు కూడా కనిపెట్టలేడు." తీగను టీవీ పక్కన చేతికందిన మొదటి రంధ్రంలో గుచ్చాడు. బొమ్మ వచ్చింది. లాప్‌టాప్ మూత మూసి టీవీ కింద అరలోకి తోసేశాడు. తర్వాత ఆ మూత ఎవరూ తెరవలేదు. విడిగా కొన్న కీబోర్డు, మౌసు బల్లమీద ఉన్నాయి. తెర గోడమీద ఉంది. ఇంక మూతతో పనేముంది.

మొదటినుంచీ ఆమెకు ఏదో తేడాగానే ఉంది. మౌసు కదిపితే బాణం గుర్తు బురదలో నడిచినట్టు నడిచేది. మనుషులు నోరు తెరవడంలో ఒక నత్తి. పెద్ద తెర కదా, అలవాటు కావాలేమో అనుకుంది. గొంతు ముందొస్తోంది, నోరు వెనక తెరుచుకుంటోంది. గొంతులు పోసినవాళ్ళు తొందరపడుతున్నారని తిట్టుకుంటూ, ఒక్కో మాటనీ కొద్దికొద్దిగా వెనక్కి జరిపి పెదవుల మీద కూర్చోబెట్టింది. కూర్చున్నాక తృప్తిగా ఉండేది. పంపించేది.

అక్కడ మొదలైంది. సీరియల్లో ముఖ్యపాత్ర నోరు మూశాక మాట్లాడుతోందని చానల్ వాళ్ళు మేనేజరుకి చెప్పారు. చూసేవాళ్ళు వెక్కిరిస్తున్నారని చెప్పారు. ఆమె నమ్మలేదు. సాయంత్రం భర్త పక్కన కూర్చుని అదే టీవీలో తన భాగం చూసింది. నిజమే. పెదవులు కలిసి విడిపోయాక, తీరుబడిగా 'మ' వస్తోంది. పొద్దున తన చెవికి, తన కంటికి అతుకు తెలియకుండా సరిపోయిన మాట సాయంత్రం అదే తెరమీద ఎందుకు వెనకబడుతుంది? మర్నాడు మళ్ళీ బల్ల దగ్గర కూర్చుని చెవికి తీగ పెట్టుకుని చూస్తే సరిగ్గానే ఉంది. సాయంత్రం మళ్ళీ లేదు. ఆ విషయం ఎవరికి చెప్పినా నవ్వుతారని తనలోనే దాచుకుని, దాచుకోలేక ఒకరోజు భర్తకి చెప్పింది.

అదే తప్పయింది. అప్పట్నుంచి ఇంట్లో ఆమె చెవులు అందరి సొత్తయ్యాయి. భర్త చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. గాజుగదిలో కూర్చోబెట్టి కూతలు వినిపించి, ఈవిడ చెవులకేం ఢోకా లేదు అని పంపారు. అయితే కళ్ళు అన్నారు. కళ్ళద్దాలు వచ్చాయి. అద్దాల్లోంచి చూస్తే అదే నత్తి ఇంకా స్పష్టంగా కనబడింది. ఆ వయసులో ఆడవాళ్ళకి ఒంట్లో మార్పులొస్తాయి, దానివల్ల చిరాకు, పరధ్యానం ఉంటాయని తోటికోడలు ఫోన్లో ఓదార్చింది. ఓదార్చిన ప్రతివాళ్ళ మీదా ఆమెకు ఒళ్ళు మండేది. మండుతోందని తెలిస్తే అది కూడా ఆ మార్పుల ఖాతాలోనే వేస్తారని పళ్ళు బిగబట్టుకునేది.

మొన్న శుక్రవారం మేనేజరు ఫోన్ చేశాడు. ఎంతో నొచ్చుకుంటూ మాట్లాడాడు. సోమవారం నుంచి ఆ సీరియల్ని తనంతట తానే పెదవులు చూసి అతికించుకునే కొత్త సాఫ్ట్‌వేరుకి అప్పగిస్తున్నారట. ఆమెకి పని లేకుండా మాత్రం చెయ్యరట. గుంపుల గోల, తలుపుల చప్పుళ్ళు, దూరంగా మాట్లాడుకునేవాళ్ళ గుసగుసలు అతికించే పని ఇస్తారట. "పెదవులు కనబడని పని అక్కా. మీకు కాస్త విశ్రాంతిగా ఉంటుంది" అన్నాడు.

పెదవులు కనబడని పని. రెండ్రోజులుగా ఆ ముక్క ఆమెకు అన్నంలో రాయిలా తగులుతూనే ఉంది.

ఇప్పుడు తడిచేతులు తుడుచుకోకుండానే హాల్లోకి వచ్చింది. భర్త సోఫాలో సర్దుకున్నాడు. మరిది రిమోట్‌ని తిరగేసి బ్యాటరీల మూత చూస్తున్నట్టు నటించాడు. అవతల మంచం మీద అత్తగారు దిండుకి ఆనుకుని కూర్చుని, ముగ్గురినీ మార్చిమార్చి చూసింది. ఆవిడిప్పుడు చేతికర్ర పట్టుకుని ఇల్లంతా తిరుగుతోంది కానీ తగువులప్పుడు మంచం మీదే ఉండడానికి ఇష్టపడుతుంది, అక్కణ్ణించి అందరూ కనబడతారని.

"నా చెవుల గురించి నాకే చెప్పు" అంది ఆమె మరిదితో. "మధ్యలో మీ అన్నయ్యకెందుకు శ్రమ."

మరిది రిమోట్ పక్కన పెట్టాడు. తాను పొద్దుట్నుంచీ టీవీని అన్నిరకాలుగా చూశాననీ, వార్తలు పెట్టి చూశాననీ, పాటలు పెట్టి చూశాననీ, నోటికీ మాటకీ వెంట్రుకంత తేడా లేదనీ చెప్పాడు. అబద్ధమేమీ కాదు. ఆమె కూడా వంటగదిలోంచి విన్నది. తన షోరూములో ఈ రకం టీవీలు ఎన్నో అమ్మాననీ, ఒక్కటీ వెనక్కి రాలేదనీ కూడా అన్నాడు.

"వాళ్ళెవరూ దీనికి కంప్యూటర్ తగిలించి పెదవులు చూసి ఉండరు" అంది ఆమె.

"అది కాదు వదినా. నూట ఇరవై అండీ ఇది. మీ కంప్యూటర్లో ఏం ఉంటే అది చూపిస్తుంది. అద్దంలాంటిది. అద్దంలో మన మొహం బాగోకపోతే..." అంటూ మాట మింగేశాడు.

భర్త తమ్ముణ్ణి కళ్ళతోనే ఆపబోయాడు. ఆలస్యమైంది.

ఆమె అరవలేదు. కేకలు వేస్తే మరిదికే నయం, అలిగి వెళ్ళిపోవచ్చు. టీవీ కింద అరలోంచి లాప్‌టాప్ బయటికి లాగింది. దుమ్ము చేతికంటింది. మూత తెరిచింది. "అద్దమైతే చూపించు" అంది. "అదీ ఇదీ పక్కపక్కన పెట్టు. రెంట్లోనూ ఒకే బొమ్మ కనబడాలి. నా మొహం ఎందులో బాగోలేదో చూద్దాం."

మరిది కాసేపు అక్కడా ఇక్కడా నొక్కి, రెండు తెరలమీదా ఒకే బొమ్మ వచ్చేట్టు చేశాడు. ముందుగా మౌసు కదిపింది అతనే. లాప్‌టాప్‌లో బాణం గుర్తు రివ్వున ఒక మూలకి వెళ్ళి ఆగింది. టీవీలో బాణం గుర్తు, తాడు కట్టి లాగితే వచ్చిన దూడలా, తర్వాత వచ్చి ఆగింది.

అతను మళ్ళీ కదిపాడు. మళ్ళీ వెనకే వచ్చింది.

"ఏదో బిగుసుకున్నట్టుంది" అన్నాడు మరిది.

ఆమె అతని చేతిని మౌసు మీదినుంచి తీసేసింది. తానే కూర్చుని, చానల్ వాళ్ళు వెక్కిరించిన భాగం తెరిచింది. చెవికి తీగ పెట్టుకుంది. ఆ ముఖ్యపాత్ర కొడుకుని ఇంట్లోంచి పొమ్మనే చోటు. ముందు టీవీలో చూసింది. 'పో' సరిగ్గా పెదవుల మీద పడింది. తర్వాత కళ్ళు కిందికి దించి, బియ్యపుగింజంత నోటిని లాప్‌టాప్‌లో చూసింది. అక్కడ పెదవులు కలిసి, విడిపోయి, నోరు మూతపడి, ఆ తర్వాత 'పో' వినిపించింది.

మళ్ళీ చూసింది. తీగ చెవిలోంచి తీసి భర్త చెవిలో పెట్టింది. పైన చూడండి అంది, తర్వాత కింద చూడండి అంది. లిఫ్టుల మనిషి కాబట్టి ఏది ముందు కదిలిందో ఏది తర్వాత కదిలిందో చూడడం అతనికీ తెలుసు. చూశాడు. తీగ తీసి తమ్ముడి చేతిలో పెట్టాడు.

"మీ కంపెనీలో ఈ సంగతి తెలిసినవాళ్ళకి ఫోన్ చెయ్యి" అంది ఆమె.

ఇవాళ సెలవనీ, సర్వీసువాళ్ళు ఎత్తరనీ, రేపు షోరూముకి వెళ్ళి కనుక్కుంటాననీ మరిది అన్నాడు. రేపటికి తన పని వేరేవాళ్ళ చేతిలో ఉంటుందని ఆమె చెప్పింది. ఆ మాటలో కోపం లేదు, చెప్పాల్సింది చెప్పినట్టు చెప్పింది. అందుకే అతను ఫోన్ తీశాడు.

సర్వీసు మనిషి ఏదో బజార్లో ఉన్నట్టున్నాడు, వెనక బళ్ళ మోత. ఫోన్ బల్లమీద పెట్టారు. అతను ముందుగా అడిగింది లాప్‌టాప్‌లో రిఫ్రెష్ రేట్ ఎంత చూపిస్తోందని. అంటే తెర సెకనుకి ఎన్నిసార్లు కొత్త బొమ్మ వేస్తుందో ఆ లెక్క. మరిది తెర అమరికల్లోకి వెళ్ళి చూశాడు. టీవీ పేరు ఎదురుగా ముప్ఫై అని ఉంది.

"నూట ఇరవై కదా ఉండాలి" అన్నాడు మరిది.

ఫోన్లో నవ్వు వినిపించింది. ఆ తర్వాత ఆ మనిషి తాపీగా చెప్పుకొచ్చాడు. తీగ మొదటి రంధ్రంలో గుచ్చారా అని అడిగాడు. గుచ్చారు. ఇంత పెద్ద బొమ్మను ఆ రంధ్రం సెకనుకి ముప్ఫైసార్ల కంటే ఎక్కువ లోపలికి తీసుకోలేదట. దాని పక్కనే కంప్యూటర్ గుర్తు ఉన్న రంధ్రం ఉంటుంది, అందులో గుచ్చితే అరవై దాకా వస్తుందట. అసలు ఈ టీవీ తెర సొంతంగా వేయగలిగింది అరవయ్యేనట. మరి పెట్టెమీద నూట ఇరవై ఏమిటని మరిది అడిగాడు. అడిగిన గొంతులో దబాయింపు తగ్గిపోయింది. అది కదలికల లెక్క అన్నాడు అవతలి మనిషి. వచ్చిన రెండు బొమ్మల మధ్య టీవీ తానే ఇంకో బొమ్మ ఊహించి వేసుకుంటుంది, వెలుతురు ఆర్పి వెలిగిస్తుంది, అవీ ఇవీ అన్నీ కలిపి కంపెనీ వాళ్ళు ఒక అంకె వేస్తారు, బంతి సాఫీగా పోతున్నట్టు కనబడుతుంది, మ్యాచ్‌లు చూసేవాళ్ళకి బాగుంటుంది అన్నాడు.

ఆమె ఫోన్ దగ్గరికి జరిగింది. "మధ్యలో వేసే బొమ్మలు ఎవరు తీశారు?"

"ఎవరూ తీయరు మేడమ్. టీవీయే అల్లుకుంటుంది."

"మనిషి నోరు తెరుస్తుంటే, ఆ మధ్యలో నోరు కూడా అదే అల్లుకుంటుందా?"

"అన్నీ అంతే కదండీ. అలా అల్లడానికి తర్వాతి బొమ్మ వచ్చేదాకా ఆగాలి. అందుకని ప్రతి బొమ్మనీ కాసేపు పట్టుకుని వదులుతుంది. శబ్దాన్ని కూడా అంతసేపూ పట్టుకునే వదులుతుంది కాబట్టి ఇంట్లో చూసేవాళ్ళకి తేడా తెలియదు."

"నేను టీవీ శబ్దం వినను. కంప్యూటర్లోంచి నేరుగా వింటాను."

"అయితే మీకు మాట ముందొచ్చి, నోరు తర్వాత తెరుచుకుని ఉంటుంది" అన్నాడు ఆ మనిషి.

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. కింద దిండ్లు జారాయి, సర్దుకోలేదు. పెద్దాయన నేర్పిన రెండు అలవాట్లనీ తు.చ. తప్పకుండా పాటించి, పరిగెత్తే నోటినే చూసి, నేరుగా చెవికే తీగ పెట్టుకుని, ఎవరూ తెరవని పెదవులకి ఇన్నాళ్ళూ మాటలు అతికిస్తూ కూర్చుంది. బొమ్మను ఆపి చూసే కుర్రవాళ్ళు ఈ గోతిలో పడేవాళ్ళు కారు. ఆగిన బొమ్మలో ఆలస్యం ఉండదు. ఆ సంగతి తట్టగానే అరికాలి మంట నెత్తికెక్కింది. తనమీద తనకే ఎక్కింది. పెట్టెమీద నక్షత్రంలో వేసిన అంకెను నమ్మి తన చెవిని తానే అనుమానించింది. గాజుగదిలో కూర్చుని కూతలకు చెయ్యెత్తింది. మిగతావాళ్ళు అనుమానించారంటే వాళ్ళకి తెలియదు. తనకేమైంది.

సర్వీసు మనిషి మిగతాది కూడా చెప్పాడు. తీగను కంప్యూటర్ గుర్తు రంధ్రంలోకి మార్చమన్నాడు. టీవీలో గేమ్ మోడ్ అని వీడియో ఆటల అమరిక ఒకటుంటుంది, అది పెడితే ఈ అల్లికలన్నీ ఆగిపోయి వచ్చిన బొమ్మను వచ్చినట్టు చూపిస్తుంది అన్నాడు. మీ సీరియల్ సెకనుకి ఎన్ని బొమ్మలతో తీసింది అని ఆమెనే అడిగాడు. పాతిక అంది. అయితే లాప్‌టాప్‌లో అరవై వద్దు, యాభై పెట్టుకోండి అన్నాడు. పాతిక బొమ్మల్ని ముప్ఫై సార్లలో సర్దాలంటే ప్రతి అయిదో బొమ్మా రెండుసార్లు నిలబడాలి, అందుకే నోళ్ళు నత్తిగా కదిలాయి. యాభై అయితే ప్రతి బొమ్మా సమంగా రెండేసిసార్లు వస్తుంది, నత్తి ఉండదు. వినగానే ఆమెకు అర్థమైంది. పళ్ళెంలో వడ్డించినంత తేలిక. ఇంత తేలికైన దానికి తన రెండు చెవులూ రెండు కళ్ళూ డాక్టర్ల దగ్గరికి వెళ్ళొచ్చాయి.

మరిది గోడకీ టీవీకీ మధ్య చెయ్యి దూర్చి తీగ మార్చాడు. చెయ్యి గీరుకుంది. ఎవరూ అయ్యో అనలేదు. యాభై పెట్టాడు, ఆటల అమరిక పెట్టాడు. మౌసు కదిపాడు. రెండు తెరలమీదా బాణం గుర్తు, చూసే కంటికి, ఒక్కసారే వెళ్ళి ఒక్కసారే ఆగింది.

ఆమె చెవికి తీగ పెట్టుకుని అదే చోటు మళ్ళీ చూసింది. తాను అతికించిన 'పో' ఇప్పుడు టీవీలో కూడా సిగ్గులేకుండా ఆలస్యంగా వచ్చింది. దాన్ని పట్టుకుని ముందుకి జరిపింది. ఒకసారి వేసి చూసింది. ఇంకొంచెం జరిపింది. పెదవులు కలిసిన చోట మాట కూర్చుంది. లాప్‌టాప్‌లో చూసింది. అక్కడా కూర్చుంది. తీగ తీసేసి టీవీ శబ్దంతో విన్నది. అప్పుడూ చూసే కంటికి తేడా రాలేదు.

"అదిగో, అయిపోయింది" అన్నాడు భర్త, ఒళ్ళు విరుచుకుంటూ. "ఇంత చిన్న విషయానికి ఎంత రాద్ధాంతం అయింది చూడు. నువ్వూ మొదట్లోనే గట్టిగా చెప్పి ఉండాల్సింది. కాస్త టీ పెడతావా?"

"చెవులకి డాక్టర్ని చూపించారు" అంది అత్తగారు మంచం మీదినుంచి, ఎవరివైపూ చూడకుండా. "కళ్ళకి అద్దాలు తెచ్చారు. ఆ డబ్బాకి ఒంట్లో బాగుందో లేదో మాత్రం ఎవరూ అడగలేదు. అదేమైనా పరాయిదా, కొనుక్కొచ్చిన కొడుకు కాబోలు."

మరిది నవ్వబోయి, వదిన మొహం చూసి మానుకున్నాడు. నూట ఇరవై అని తనకు షోరూములో నేర్పారనీ, తనూ అదే నమ్మి అందరికీ చెప్పాననీ, కావాలని చెయ్యలేదనీ గొణిగాడు. అది నిజమేనని ఆమెకు తెలుసు. నిజమైనంత మాత్రాన కోపం పోదని కూడా ఇవాళ తెలిసింది. "అద్దం అన్నావు చూడు" అంది.

ఆమె మేనేజరుకి ఫోన్ చేసింది. సోఫాలోంచి లేవబోయిన భర్తని కూర్చోమన్నట్టు చెయ్యి చూపించింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. తీగ, రంధ్రం, ముప్ఫై, పట్టుకుని వదిలే బొమ్మలు, అన్నీ. చెడిపోయిన భాగాలన్నీ తానే వెనక్కి తీసుకుని సరిచేస్తానంది. మేనేజరు చాలా సంతోషించాడు. సంతోషం ఫోన్ బయటికి కూడా వినిపించింది. సాఫ్ట్‌వేరు నోరు తెరిచిన ప్రతివాడి నోట్లోనూ మాట కుక్కుతోందనీ, ఆవులించినవాడి చేత కూడా డైలాగు చెప్పిస్తోందనీ, తాను రెండ్రోజులుగా తల పట్టుకుని కూర్చున్నాననీ చెప్పాడు. సీరియల్ మీదేనక్కా, గుంపుల గోల ఇంకెవరికైనా ఇద్దాం అన్నాడు. చానల్ వాళ్ళకి మాత్రం టీవీ, గీవీ అని చెప్పొద్దు, స్టూడియోకి చిన్నతనం, మీకు ఒంట్లో బాగోలేక పొరపాట్లు జరిగాయనీ ఇప్పుడు కుదుటపడ్డారనీ చెప్పేద్దాం, నేనప్పుడే సగం చెప్పేశాను కూడా అన్నాడు.

"నాకు ఒంట్లో బాగానే ఉంది" అంది ఆమె.

"తెలుసక్కా. ఊరికే, మాటవరసకి."

"మాటవరసకి కూడా వద్దు. తీగ తప్పు రంధ్రంలో ఉందని చెప్పండి. చెప్పడానికి మీకు ఇబ్బందైతే నెంబరివ్వండి, నేనే చెప్తాను."

చానల్ వాళ్ళేమంటారో అని మేనేజరు నసిగాడు. చివరికి చెప్తాను లెండి అన్నాడు. తన ఎదురుగానే చెప్పాలంది ఆమె. ఎదురుగా అంటే ఎలా అన్నాడతను, మీరక్కడ నేనిక్కడ. ఆమె దానికి జవాబు చెప్పకుండా ఇంకో సంగతి అడిగింది. స్టూడియోలో కిటికీ పక్క గది, ఆమె కూర్చున్న గది, ఇప్పుడెవరు వాడుతున్నారని. ఎవరూ లేరు, పాత కుర్చీలు పడేశామన్నాడు. ఆ కుర్చీలు తీయించమని చెప్పి ఫోన్ పెట్టేసింది.

భర్త ఆ చివరి మాటలు విన్నాడో లేదో, తేలికపడ్డ మొహంతో రిమోట్ చేతిలోకి తీసుకున్నాడు. ఎలాగూ అన్నీ సర్దుకున్నాయి కాబట్టి ఇకనుంచి పగలు ఒక అమరికా, మ్యాచ్ టైముకి ఇంకో అమరికా పెట్టుకుంటే సరిపోతుందన్నాడు. మారుస్తూ ఉండడం నీకు కష్టమైతే నేనే వచ్చాక మారుస్తానన్నాడు. తమ్ముడు దానికి రిమోట్‌లో అడ్డదారి ఉందని చూపించబోయాడు. ఇద్దరూ ఆ రిమోట్ మీద తలలు వంచారు.

ఆమె లాప్‌టాప్‌కున్న తీగలన్నీ ఒక్కొక్కటే ఊడదీసింది. టీవీ తెర నల్లబడింది. అన్నదమ్ములు తలలెత్తారు.

"రేపట్నుంచి నేను స్టూడియోకి వెళ్ళి పనిచేస్తాను" అంది ఆమె, తీగను మోచేతికి చుట్టుకుంటూ. "పొద్దున వెళ్తే సాయంత్రమే రావడం. మధ్యాహ్నం అత్తయ్యకి అన్నం పెట్టడం, మాత్రలివ్వడం, నడిపించడం మీ ఇద్దరూ ఎలా పంచుకుంటారో కూర్చుని మాట్లాడుకోండి."